బెల్టు బండ్లకు టెన్షన్ అంకె బయటపెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నరసరావుపేటలో టూ వీలర్ షెడ్డు నడుపుతున్నాను. చైన్ బండ్లలో చాలావాటికి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చెయ్యి) మీదో, చైన్ కవర్ మీదో చిన్న స్టిక్కర్ ఉంటుంది. చైన్ ఎంత ఊగాలో దాని మీద మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. టైరులో గాలి ఎంత కొట్టాలో ఇంకో స్టిక్కర్ చెబుతుంది. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు కూడా ఆ బొమ్మ, ఆ అంకె చూసి పని చేసుకుపోతాడు. ఇప్పుడు చైన్ బదులు పళ్ల బెల్టుతో నడిచే బండ్లు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండ్లు, మా వైపు కూడా పెరుగుతున్నాయి. నా దగ్గరికి వచ్చేవాటిలో బెల్టు ఎంత బిగువుగా ఉండాలో చెప్పే అంకె ఎక్కడా కనపడటం లేదు. ఆ ఒక్క అంకె ఉంటే, జేబులో ఉన్న స్మార్ట్‌ఫోన్‌తోనే బెల్టు టెన్షన్ సరిగా ఉందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. కంపెనీలు దాన్ని దాచకుండా బయటపెట్టాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బెల్టు అనగానే చాలామంది ఆటోమేటిక్ స్కూటర్లలో కవర్ లోపల తిరిగే బెల్టు అనుకుంటారు. కైనెటిక్ హోండా రోజుల నుంచి యాక్టివా దాకా వస్తున్న ఆ వి-బెల్టు వేరు. దాని బిగువును వెనక పుల్లీలో ఉన్న స్ప్రింగే చూసుకుంటుంది. మనం బిగించేది ఏమీ ఉండదు, అరిగితే మార్చడమే. నేను చెప్పేది బయటికి కనపడే, లోపలి వైపు పళ్లున్న బెల్టు గురించి. మోటారు దగ్గర చిన్న పుల్లీ, వెనక చక్రానికి పెద్ద పుల్లీ, రెండిటినీ కలుపుతూ ఈ బెల్టు. హార్లే డేవిడ్‌సన్ వాళ్లు 1980లో స్టర్జిస్ అనే మోడల్లో చైన్ తీసేసి ఇలాంటి బెల్టు పెట్టారు. మన దేశంలో అమ్మిన వాళ్ల స్ట్రీట్ 750కి కూడా బెల్టే ఉండేది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ చూడటానికి వచ్చి ఇటు దిగే కుర్రాళ్ల పుణ్యమా అని ఆ బండి మీద చెయ్యి వేసే అవకాశం నాకూ దొరికింది. పైకి రబ్బరులా కనిపించినా ఈ బెల్టు బలమంతా లోపల ఉన్న ఆరమిడ్ అనే గట్టి కృత్రిమ దారాలదో, కార్బన్ దారాలదో. ఆయిల్ పెట్టే పని లేదు, ప్యాంటుకు మడ్డి అంటదు, మోత ఉండదు. ఇంజన్ శబ్దం లేని ఎలక్ట్రిక్ బండికి ఇది బాగా కుదురుతుంది. సరిగ్గా బిగించి, శుభ్రంగా ఉంచుకుంటే చైన్ కంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. నాకు ఈ బెల్టు అంటే గౌరవం. అందుకే అది చిన్న కారణానికి పాడైపోతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

చైన్ లూజైతే గలగలమని ముందే చెబుతుంది. బెల్టు అలా చెప్పదు. లూజుగా ఉన్న బెల్టు ఒక్కసారిగా పికప్ ఇచ్చినప్పుడో, గుంతలో పడి లేచినప్పుడో పుల్లీ పళ్ల మీదికి ఎక్కి ఒక పన్ను దాటేస్తుంది. ఎలక్ట్రిక్ బండిలో యాక్సిలరేటర్ వదలగానే మోటారు చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతుంది కదా, అప్పుడు కూడా దాటుతుంది. వెనక నుంచి టక్కుమని వినపడుతుంది, నడిపేవాడు రాయి తగిలిందనుకుంటాడు. అలా దాటుతూ పోతే పన్ను మొదట్లో సన్నటి చీలిక వస్తుంది, తర్వాత పన్ను ఊడుతుంది. పోనీ అని గట్టిగా బిగిస్తే ఇంకో రకం నష్టం. మోటారు షాఫ్ట్ బేరింగ్‌నీ, వెనక చక్రం బేరింగ్‌నీ ఆ బెల్టు పగలూ రాత్రీ ఒక పక్కకే లాగుతూ ఉంటుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల వైపు నుంచి ఒక కస్టమర్ అలాంటి బండే తీసుకొచ్చాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న దగ్గర నుంచి వెనక సన్నగా ఈల వేసినట్టు వస్తోందన్నాడు. స్టాండ్ వేసి చక్రం తిప్పితే చేతికి బరువుగా తగిలింది, రెండు చుట్లు కూడా తిరక్కుండా ఆగిపోయింది. బెల్టు వదులు చేసి తిప్పితే బేరింగ్ గరగరమంది. బేరింగ్ మార్చాం. తిరిగి బెల్టు ఎంత బిగించాలి? అసలు చిక్కు అక్కడ వచ్చింది.

మా పనిలో బొటనవేలే కొలత. చైన్‌కు అది సరిపోతుంది. రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్ చైన్లన్నీ వేలితో ఎత్తి చూసి బిగించినవాళ్లమే. చైన్ అంగుళం ఊగితే కంటికి కనపడుతుంది. బెల్టు అట్లా కాదు. వెడల్పుగా, బిరుసుగా ఉంటుంది. వేలితో నొక్కితే సరైన బిగువూ, దానికి ఒకటిన్నర రెట్లు బిగువూ దాదాపు ఒకేలా తగులుతాయి. నా వేలికి 'బాగుంది' అనిపించింది మా షెడ్డులో కుర్రాడి వేలికి 'లూజు' అనిపిస్తుంది. హార్లే వాళ్ల పద్ధతి నయం. 10 పౌండ్ల బలంతో, అంటే మన లెక్కలో నాలుగున్నర కిలోలతో బెల్టును నొక్కి, అది ఎంత కదిలిందో స్కేలు మీద చూడమంటారు. దానికి వాళ్లదే ఒక గేజీ కూడా ఉంది. ఫ్యాక్టరీల్లో పెద్ద మిషన్ల బెల్టులకైతే సోనిక్ టెన్షన్ మీటర్ అనే పరికరం వాడతారు. బెల్టును మీటితే వచ్చే శబ్దం విని అది అంకె చూపిస్తుంది. ఆ మీటరు మా బోటి షెడ్డులు కొనే ధరలో లేదు. కానీ అది చేసే పనికి కావలసిన మైకు, లెక్క కట్టే చిప్పు రెండూ ఫోన్‌లో ఉన్నాయి.

దీని వెనక ఉన్న శాస్త్రం మా అమ్మాయి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న పాఠమే. తరంగాలు. తీగను ఎంత బిగిస్తే అంత పైస్థాయిలో పలుకుతుందని వీణ వాయించేవాళ్లందరికీ తెలుసు. 1636 నాటికే మెర్సెన్ అనే ఫ్రెంచి ఆయన దీనికి లెక్క రాసి పెట్టాడు. మీటరు పొడవు బెల్టు ఎన్ని కిలోలు తూగుతుందో ఆ బరువు, రెండు పుల్లీల మధ్య గాలిలో ఉన్న బెల్టు పొడవు మీటర్లలో, అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ అంకె, ఈ మూడు ఉంటే చాలు. పొడవును పొడవుతో, కంపనాల అంకెను అదే అంకెతో గుణించి, ఆ వచ్చిన రెండిటినీ ఒకదానితో ఒకటి గుణించి, దాన్ని బరువుతోనూ నాలుగుతోనూ గుణిస్తే బిగువు న్యూటన్లలో వస్తుంది. ఉదాహరణకు మీటరుకు 100 గ్రాములు తూగే బెల్టు, మధ్యలో 40 సెంటీమీటర్ల ఖాళీ అనుకోండి. 60 హెర్ట్జ్ (అంటే సెకనుకు 60 కంపనాలు) దగ్గర పలికితే బిగువు సుమారు 230 న్యూటన్లు. అంటే 23 కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినంత లాగుడు. అదే బెల్టు 50 దగ్గర పలికితే 160 న్యూటన్లే. 30కి పడిపోతే ఆరు కిలోల లాగుడు కూడా ఉండదు. అంకె సగమైతే బిగువు నాలుగో వంతు అయిపోతుందన్నమాట. ఇది ఉదాహరణే. ప్రతి మోడల్‌కూ బెల్టు వేరు, పొడవు వేరు, కాబట్టి అంకె కూడా వేరే.

ఇక చేసే విధానం. బండి రాత్రంతా నీడన ఉండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. తిరిగి వచ్చిన వెంటనే అయితే అల్యూమినియం పుల్లీలు, స్వింగ్ ఆర్మ్ వేడికి సాగి బెల్టు ఉన్నదానికంటే బిగువుగా కనపడుతుంది. ఎలక్ట్రిక్ బండి అయితే తాళం తీసేసి, బ్యాటరీ కరెంటును ఆపే ఎంసీబీ స్విచ్చు కూడా ఆఫ్ చేయాలి. ఈ మాట మా కుర్రాళ్లకు రోజూ చెబుతాను. ఆ మోటారు ఆన్‌లో ఉన్నట్టు చప్పుడు చెయ్యదు. బెల్టుకూ పుల్లీకీ మధ్య వేలు ఉండగా ఎవరైనా యాక్సిలరేటర్ తాకితే వేలు పోతుంది. స్టాండ్ వేసి, గేరున్న బండి అయితే న్యూట్రల్‌లో ఉంచి, బెల్టు గార్డు తీసి, ముందు బెల్టును బాగా చూడాలి. మా పల్నాడు రోడ్ల మీద చిన్న కంకర రాయి బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుని బెల్టు బయటి వైపు దాకా పొడుచుకు వస్తుంది. అలాంటి రంధ్రం అంచు దగ్గర ఉన్నా, లోపలి దారాలు బయటపడినా ఇక కొలవడం అనవసరం, బెల్టు మార్చాల్సిందే. సున్నం దుమ్ము ఉంటే మంచి నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. చైన్ స్ప్రే దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఫోన్‌లో శబ్దాన్ని హెర్ట్జ్‌లలో గీతగా చూపించే యాప్ ఉండాలి. జర్మనీలో ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016 నుంచి ఉచితంగా ఇస్తున్న ఫైఫాక్స్‌లో ఆ సదుపాయం ఉంది. సైకిల్ బెల్టుల కోసం గేట్స్ కంపెనీ కూడా ఒక యాప్ పెట్టింది. గిటార్ ట్యూనర్ యాప్‌ల మీద నాకు అంత నమ్మకం లేదు. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగే 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. బెల్టు దానికంటే కింద పలికినప్పుడు కొన్ని యాప్‌లు అసలు వినవు, కొన్ని రెట్టింపు అంకె చూపిస్తాయి. రెట్టింపు అంకె చూసి 'అమ్మో, బాగా టైట్' అని వదులు చేశారంటే అంతే సంగతులు.

ఫోన్ మైకు అడుగు అంచున ఉంటుంది. పౌచ్ తీసేసి, ఆ అంచును కింది వరస బెల్టుకు నడిమధ్యన, వేలెడు దూరంలో, తగలకుండా పట్టుకోవాలి. బెల్టును చూపుడువేలితో మీటితే డుమ్మని ఒక లోగొంతు శబ్దం వచ్చి వెంటనే ఆగిపోతుంది. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో మెల్లగా తట్టినా వస్తుంది. తెర మీద ఒక గీత లేచి పడుతుంది. మీటినప్పుడల్లా అదే చోట లేచే గీతే మన అంకె. ఇక్కడ ఒక మోసం ఉంది, దాన్ని అందరూ గుర్తుపెట్టుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబులైటు చోకు మోత దానికి రెట్టింపు, 100 దగ్గర వస్తుంది. ఫ్యాను, కంప్రెసర్ నడుస్తున్న షెడ్డులో బెల్టును ముట్టుకోకుండానే యాప్ 50 అనో 100 అనో చూపిస్తూ కూర్చుంటుంది. అందుకని మీటకముందు ఒకసారి తెర చూడాలి. అప్పటికే ఉన్న గీత బెల్టుది కాదు. కరెంటు మోతలన్నీ ఆపేసి, లేదా బండిని వీధిలోకి తోసుకెళ్లి కొలవాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మోతే ఇంకో రకంగా పనికొస్తుంది. మీ ఫోన్ లోస్థాయి శబ్దాలు సరిగ్గా వింటోందా అని అనుమానం ఉంటే, కంచె బయట సురక్షితమైన దూరంలో నిలబడి యాప్ తెరవండి. 100 దగ్గర గీత కనపడాలి.

ఒక్కచోట కొలిచి వదిలేయకూడదు. చక్రాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ, ఇంకో పావు తిప్పి మళ్లీ మీటాలి. పుల్లీలు పూర్తిగా గుండ్రంగా కూర్చోవు కాబట్టి అంకె కొంచెం మారుతుంది. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన చోట నిలిపి, అక్కడ కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా బిగించాలి. వెనక ఇరుసు (యాక్సిల్) నట్టు బిగించగానే చక్రం వెంట్రుకవాసి జరిగి బెల్టు బిగువు మారిపోతుంది. కాబట్టి ఆఖరి కొలత నట్టును, బిగింపు బలాన్ని చూపించే టార్క్ రెంచ్‌తో బిగించిన తర్వాతే. చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపే రెండు పక్కల అడ్జస్టర్లు సమానంగా ఉన్నాయో లేదో చూడకపోతే అంకె సరిగ్గా వచ్చినా బెల్టు పుల్లీ అంచును ఒరుసుకుంటూ పోతుంది.

ఫోన్ మాట గుడ్డిగా నమ్మమని నేను అనను. పాత ఇనుము కొనేవాళ్లు వాడే వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి మా షెడ్డులో ఉంది. మెత్తటి గుడ్డ పట్టీని బెల్టు మధ్యలో వేసి, ఆ కాటాతో నాలుగున్నర కిలోలు వచ్చేదాకా కిందికి లాగి, బెల్టు ఎంత దిగిందో స్కేలుతో చూస్తాం. ఫోన్ అంకె పెరిగితే ఈ దిగుడు తగ్గాలి. రెండూ ఒకే మాట చెబితేనే బండి బయటికి పంపుతాం. చప్పుడు ఆపలేని చోట ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, బెల్టు ఊగుళ్లు లెక్కపెట్టినా అంకె తెలుస్తుంది. కాస్త ఓపిక కావాలి, అంతే.

ఇంత చేసినా చివరికి నేను ఆగిపోయేది ఒక్కచోటే. ఈ బండికి సరైన అంకె ఎంత? పిడుగురాళ్ల కస్టమర్ బండి గురించి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 'మా సర్వీస్ సెంటర్‌లో చూపించండి సార్' అన్నారు. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే 'మా టూల్‌లో ఫీడ్ అయి ఉంటుంది, బయటికి చెప్పకూడదు' అన్నారు. సర్వీస్ సెంటర్ ఉన్నది గుంటూరులో. బట్టీ దగ్గర కూలికి వెళ్లే మనిషి ఒక రోజు పని మానుకుని, బెల్టు బిగువు ఎంతో తేలని బండి మీద అంత దూరం వెళ్లాలా? నెట్‌లో వెతికితే ఎవరో ఏదో మోడల్‌కు రాసిన అంకె దొరుకుతుంది. వేరే బెల్టు, వేరే పొడవు ఉన్న బండి అంకె పట్టుకుని బిగించడం కంటే బొటనవేలే మేలు. ఆ అంకెలో రహస్యం ఏముంది? అది తెలిసినంత మాత్రాన ఎవరూ మోటారు తయారు చెయ్యలేరు. చైన్ ఊగుడు చెప్పడానికి, టైరు గాలి చెప్పడానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో వాహనాల రంగం కూడా ఉంది. రిపేరు సమాచారం కొన్నవాడికీ, బయటి మెకానిక్‌కూ అందుబాటులో ఉండాలన్నదే దాని ఉద్దేశం. బెల్టు టెన్షన్ అంకెను అందులో పెట్టడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. నా కోరిక అక్కడితో ఆగదు. బండి మీదే, బెల్టు గార్డు పక్కన, వానకు చెరగని స్టిక్కర్ ఉండాలి. ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని హెర్ట్జ్ దాకా ఉండాలి, పై వరసలో కొలవాలా కింది వరసలోనా, బండి స్టాండ్ మీద ఉండాలా, మనిషి కూర్చుని ఉండాలా. ఈ ఆఖరి ముక్క చాలా ముఖ్యం. మనిషి కూర్చుంటే బండి కిందికి దిగి, దానితో పోలిస్తే వెనక చక్రం పైకి జరిగి, పుల్లీల మధ్య దూరం మారి, అంకె మారిపోతుంది. బండితో ఇచ్చే పుస్తకంలో ఇదంతా తెలుగులో ఒక పేజీ వేస్తే ఇంకా మంచిది. కొలవడం, బిగించడం ఎలాగో ఐటీఐల్లో టూ వీలర్ పిల్లలకు ఒక పూట చూపిస్తే నేర్చుకుంటారు. ఫోన్ వాడటం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కంపెనీలు కదిలేదాకా బెల్టు బండి కొన్నవాళ్లు ఒక పని చేసుకోవచ్చు. కొత్త బండి ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లోనే పైన చెప్పినట్టు కొలిచి, ఏ వరసలో ఎంత వచ్చిందో తేదీతో సహా సర్వీసు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోండి. కొత్త బెల్టు మొదట్లో కాస్త సర్దుకుంటుంది కాబట్టి మొదటి సర్వీసు తర్వాత మళ్లీ కొలిచి దాని కిందే రాయండి. ఆ తర్వాత ఎప్పుడైనా వెనక నుంచి టక్కుమన్నా, ఈల వేసినా, ఆ పేజీ తీసి మీ ఊరి మెకానిక్‌కు చూపించండి. అంకె ఎటు, ఎంత జరిగిందో అతనికి వెంటనే తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక టూ వీలర్ మెకానిక్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా